ఆఖరి స్టాపు

రాత్రి రెండున్నరకు
బొటనవేలు నన్ను లేపింది.
కుడికాలిది. బ్రేకు మీదుండేది.
ఇరవై రెండేండ్లు ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా
నా మాట ఒక్కనాడూ కాదనని వేలు.

దుప్పటి తగిలితే నిప్పు.
ఫ్యాను గాలి తగిలినా నిప్పే.
సువార్త లైటేసి చూసింది.
ఎర్రగ, నున్నగ ఉబ్బి
పగలబోయే టమాటా లెక్కున్నది.
తేలు కుట్టిందేమోనని
చీపురు వట్టుకొని మంచం కింద వెతికింది పాపం.
తేలు నా లోపల్నే ఉన్నదని అప్పటికి తెల్వదు.

తెల్లారేసరికి రామంతాపూర్ గల్లీల అందరూ వైద్యులే.
మూడో అంతస్తు సారు వాతమన్నడు.
మెకానిక్ ఖలీల్ భాయ్ నరం పట్టిందన్నడు.
పక్కింటి కోమలమ్మ
పప్పు మానెయ్యి, టమాటా మానెయ్యి, పాలకూర మానెయ్యి అనుకుంట
నా కంచంలకెల్లి ఒక్కొక్కటి తీసేసుకుంట పోయింది.
ఆఖరికి మజ్జిగ మిగిలింది.

తార్నాక ఆస్పత్రిల నెత్తురు తీసిన్రు.
కాయితం మీద తొమ్మిది పాయింట్ నాలుగు.
పక్కన చిన్నక్షరాలల్ల: ఏడు దాటొద్దు.
ఫ్లైఓవరెక్కే కాడ స్పీడు బోర్డు లెక్క.

డాక్టరమ్మ చిన్న పిల్ల.
"మీ ఇంట్ల బోరు నీళ్లేనా?" అనడిగింది.
ఔ మేడం.
"మరగబెడితే గిన్నె అడుగున తెల్లగ పొలుసు కడుతదా?"
కడుతది.
"నీళ్లల్ల కలిసున్నంతసేపు కనబడదు కదా. గిదీ గంతే.
యూరిక్ యాసిడ్ అందరి నెత్తుర్ల ఉంటది.
తిన్నదాంట్లకెల్లి కొంత, ఒంట్ల చచ్చే కణాలకెల్లి కొంత.
కిడ్నీలు మూత్రంల దించేస్తుంటయి.
దిగాల్సినోళ్లు దిగకుంటే..."
ఆగి, నా ఖాకీ చొక్కా చూసింది.
"బస్సు సంగతి మీకు నేను చెప్పాల్నా?"

వద్దు మేడం.
ఫుట్‌బోర్డుకు మనుషులు వేలాడే బస్సు నాకెరుకే.
గుండె కాడ ఎక్కి, మోకాళ్లు దాటి, మడిమె దాటి
చల్లగుండే ఆఖరి స్టాపుల
దిగని సరుకంతా సూదులై దిగింది.
ఇయ్యాల వేలు. చూసుకోకుంటే
రేపు కిడ్నీల రాయి.

"దావత్ ఏమన్న అయిందా?"
యాదయ్య రిటైర్‌మెంటు. బోటి, కార్జం, రెండు బీర్లు.
తల వంచుకొని అంతా చెప్పిన.
ఆమె తిట్టలే.
"అది అగ్గిపుల్ల. కట్టెలెప్పుడు పేర్చుకున్నరు?
డ్యూటీల నీళ్లెన్ని తాగుతరు?"

గప్పుడు నోరు పెకల్లే.
నాలుగు గుటకలు. పెదాలు తడిసేటందుకు.
తాగితే దిగాలె.
అంబర్‌పేట్ల దిగలేం, కోఠిల దిగలేం,
లక్డీకాపూల్ జాముల ఇరుక్కుంటే
వెనక అరవై మంది, ముందు ఎర్ర లైటు, లోపల పొత్తికడుపు.
అందుకే దాహానికి గూడ బ్రేకు తొక్కుడు నేర్చుకున్న.
ఇది రాజుల రోగమని ఎవరో అన్నరు.
ఏ రాజు భయపడ్డడు, నీళ్లు తాగనీకి?

రోజుకొక గోలీ రాసింది.
నొప్పి పోయినా ఆపొద్దట.
పాత పొలుసు కరిగేటప్పుడు ఒకటి రెండుసార్లు మళ్ల పట్టుకుంటదట,
బెదరొద్దట.
పప్పు తినొచ్చన్నది.
సువార్త పోయి కోమలమ్మకు ఆ ముక్క చెప్పొచ్చింది.

పన్నెండో రోజు స్టీరింగెక్కిన.
గేరు పక్కన రెండు లీటర్ల బాటిలు.
రెడ్ పడ్డప్పుడల్ల ఎత్తి తాగుతున్న.
కండక్టరు అండాలు చూసి నవ్వింది.
"తాగే అన్నా, మంచిదే.
నీకంటే దారి పొడుగునా గోడలున్నయి."

నేను అద్దంల చూసిన.
పొద్దున ఆరింటికి కొన్న ఆమె బాటిలు
సంచిల నిండుగనే ఉన్నది, మూత సీలు తియ్యకుండ.
గతుకు పడ్డప్పుడల్ల సీటు రాడుకు తగులుతుంటే
ఆ చప్పుడు
మాసాబ్ ట్యాంక్ దాక వినుకుంట పోయిన.